గుమ్మం బయట హారతి

బ్యాటరీ పని చేసేవాడి చొక్కాకి చిల్లు పడిన సంగతి ఆ రోజే తెలియదు. యాసిడ్ తుంపర ఎప్పుడో పడుతుంది, ఆరిపోతుంది, మనిషి మర్చిపోతాడు. ఇంటికి తెచ్చి నానబెట్టి రెండు బాదులు బాదాక ఆ చోట బట్ట పిండిలా విడిపోతుంది. పెళ్ళయిన కొత్తలో జయమణి ఇంట్లో ఎలకలున్నాయనుకుని బోను కొనుక్కొచ్చింది. బోనులో ఎలకా పడలేదు, మొగుడి చొక్కాలకి చిల్లులూ ఆగలేదు. చివరికి అసలు సంగతి తెలిసి "ముందే చెప్పొచ్చుగా?" అని నిలదీస్తే, "నువ్వు బోను కొనుక్కొచ్చాక చెప్తే ఏం బాగుంటుంది?" అన్నాడు రత్నబాబు.

ఇంట్లో అంత మెతక మనిషి. సైటు మీద మాత్రం ఆ మెతకతనం చెల్లదు.

రత్నబాబుది వీరులపాడు దగ్గర పల్లె. తండ్రి మిరపతోటల్లో కూలి. ఐటీఐ అయిందనిపించుకుని, నందిగామ సెంటర్లో ప్రేమానందం అనే ఆయన బ్యాటరీ కొట్లో చేరాడు. ట్రాక్టర్ల బ్యాటరీలూ లారీల బ్యాటరీలూ వరసగా పెట్టి ఛార్జింగ్ ఎక్కించే కొట్టు అది. బీడీ కాల్చేవాడు గడప తొక్కకూడదని ప్రేమానందం కట్టడి. ఒకనాడు పత్తి రైతొకడు బీడీ నోట్లో పెట్టుకునే వంగి "ఇదేనా నాది?" అని చూశాడు. టపాకాయ పేలినట్టు పేలింది మూత. రైతుకి గడ్డం కాలింది. అతన్ని పక్కకి లాగబోయిన ప్రేమానందానికి ఎడమ కన్ను పోయింది. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి వచ్చే గ్యాసుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిప్పు చూస్తే మాత్రం ఊరుకోదు. ఆ మాట రత్నబాబు పుస్తకంలో చదువుకున్నది కాదు. ఒంటికన్ను గురువు మొహంలో రోజూ చూసుకున్నది.

తర్వాత పెద్ద బ్యాటరీలు చేసే కంపెనీలో చేరాడు. మెల్లగా సైట్ ఇన్‌ఛార్జి అయ్యాడు. సబ్‌స్టేషన్లకీ సిమెంటు ఫ్యాక్టరీలకీ కరెంటు పోయినప్పుడు కంట్రోలు రూము ఆగిపోకుండా కాసే బ్యాటరీలు అవి. ఒక్కో సెల్లు నిలువెత్తు కుంకుడు బస్తాలా ఉంటుంది. అట్లాంటివి గదినిండా వరసలు. కంపెనీ వాటిని తయారుచేసి, లారీ ఎక్కించి, జెండా ఊపి ఫోటో దిగుతుంది. లారీ దిగిన దగ్గర్నుంచీ ఉన్న పనంతా రత్నబాబుది. క్రేను రాలేదంటే రత్నబాబు. గేటు పాసు లేదంటే రత్నబాబు. స్టాండ్లు వంకరగా వస్తే, యాసిడ్ డబ్బా కారితే, కూలోళ్ళు పండక్కి వెళ్ళి రాకపోతే రత్నబాబు. కోట్ల రూపాయల ఫ్యాక్టరీలో సెల్లులు తుడిచే ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎక్కడా అని అడిగితే నవ్విన మేనేజర్లని చాలామందినే చూశాడు. "కంపచెట్లున్నాయిగా" అన్నవాడు కూడా ఉన్నాడు. మాస్కుల బదులు పనివాళ్ళకి పొద్దున్నే తలా ఒక బెల్లం ముక్క పెట్టడం ఆ ఫ్యాక్టరీల ఆచారం. బెల్లం తింటే దుమ్మూ ఆవిరీ కడిగేస్తుందని చెప్తారు. బెల్లం చవక, అంతకన్నా రహస్యం ఏమీ లేదు.

ఇట్లా ఊరూరా లాడ్జీల్లో పడుకుంటూ జీవితంలో సగం గడిచిపోయింది. కూతురు జెరూషా నడక నేర్చుకుందని ఫోనులోనే విన్నాడు, పెద్దమనిషైందనీ ఫోనులోనే విన్నాడు. ఇప్పుడా పిల్ల నందిగామలో ఇంటర్ చదువుతోంది. నడుము వంగితే లేవడం కష్టమవుతోంది రత్నబాబుకి. అందుకే విజయవాడ ఆఫీసులో సర్వీసు కోఆర్డినేటర్ పోస్టు ఖాళీ అయిందంటే జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. ఆ పోస్టయితే పొద్దున బస్సెక్కి సాయంత్రం ఇంటికి రావచ్చు. రీజనల్ మేనేజర్ కిషోర్‌బాబు సరేనన్నాడు. "జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ సైటు ఒకటి క్లీనుగా చేసి పెట్టు. కస్టమర్ నుంచి మంచి మాట రానీ. కుర్చీ నీదే" అన్నాడు.

ఆ కుర్చీ కోసం జయమణి అప్పుడే ఒక టిఫిను క్యారియర్ కూడా కొనిపెట్టింది.

*

జగ్గయ్యపేట సైటులో రత్నబాబుకి ఇద్దరు ఆధారం. ఒకాయన ఇశ్రాయేలు. ఆయనదీ రత్నబాబు చర్చే. యాసిడ్ పోయడంలో చెయ్యి తిరిగిన పెద్దమనిషి, నోరు మాత్రం కట్టెయ్యలేం. ఇంకొకామె గ్రేసీ. పక్క పల్లె పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. వంటసోడా కలిపిన నీళ్ళతో సెల్లులు తుడవడం, నేల కడగడం ఆమె పని. రత్నబాబుని అన్నా అంటుంది, పది మందిలో మాత్రం సారు అంటుంది.

బ్యాటరీ గది కట్టింది కాంట్రాక్టరు బసవయ్య. ఆ చుట్టుపక్కల పొలాలున్న మనిషి. సున్నపురాయి గనికి పొలం అమ్ముకుని, ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు పట్టి నాలుగు లారీలు తిప్పుతున్నాడు. ఫ్యాక్టరీ తరఫున ఎలక్ట్రికల్ మేనేజరు హరిచరణ్. పెద్ద చదువు చదివినవాడు, మర్యాదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. ఎవరితోనూ పెట్టుకోకపోవడమే అతని ఉద్యోగం అనిపిస్తుంది చూస్తే.

కొత్త సెల్లులో యాసిడ్ పోశాక మొదటి ఛార్జింగ్ ఉంటుంది. రోజులు పడుతుంది. కుమ్మరి ఆవం వెలిగించాక మధ్యలో ఆర్పడు చూడండి, ఇదీ అంతే. మధ్యలో ఆపితే సెల్లు జీవితాంతం అరకొరగానే పనిచేస్తుంది. ఆ గది ప్రారంభోత్సవానికి ముందే ఈ తంతు ముగిసిపోవాలని రత్నబాబు లెక్క వేసుకున్నాడు. కానీ ఫ్యాక్టరీ వాళ్ళు కరెంటు లైను ఇవ్వడం ఆలస్యం చేశారు. ఆ ఆలస్యం ఎవరిదో వాళ్ళే మర్చిపోయారు, ముహూర్తం మాత్రం మర్చిపోలేదు. చైర్మన్‌గారు భార్యతో సహా హైదరాబాదు నుంచి వస్తున్నారు. అప్పటికి ఛార్జింగ్ ఆఖరి ఘట్టంలో ఉంటుంది. సెల్లులన్నీ అన్నం కుండల్లా కుతకుతమంటూ గ్యాసు వదిలే వేళ. సరిగ్గా ఆ వేళకే పూజ.

ఆ పొద్దున రత్నబాబు బ్యాటరీ గదిలోకి అడుగుపెట్టగానే గాలి బరువుగా అనిపించింది. కళ్ళు చురచురమన్నాయి. గ్యాసుని బయటికి లాగే పెద్ద ఫ్యాను తిరుగుతూనే ఉంది, మోత మాత్రం మారింది. వెనక్కి వెళ్ళి చూస్తే బయట గోడ మీద చైర్మన్‌గారు నవ్వుతున్నారు. రెండు చేతులూ జోడించి, 'సుస్వాగతం' కింద, గోడంత ఫ్లెక్సీ. పైనా కిందా తాళ్ళు బిగించి కట్టారు. ఫ్యాను నోరు సరిగ్గా ఆ నవ్వు వెనక ఉంది.

రత్నబాబు కింది తాళ్ళు విప్పబోతుంటే బసవయ్య పరుగెత్తుకొచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కొత్త కండువా.

"ఏమయ్యా రత్నబాబూ, పొద్దున్నే ఫ్లెక్సీ మీద పడ్డావేంటి?"

"ఫ్లెక్సీతో నాకేం పనండీ బసవయ్యగారూ. దాని వెనకాల ఫ్యానుంది. లోపలి గ్యాసు పోయే దారి అదొక్కటే. మీవోళ్ళు చూసి చూసి దానికే అడ్డం కట్టారు."

"ఫ్యాను తిరుగుతానే ఉందిగా?"

"తిరుగుద్దండి. మీ నోరూ ముక్కూ మూసేసి ఊపిరి వదలమంటే ఎట్టా వదుల్తారు?"

"పొద్దున్నే నా ఊపిరి తీస్తావా ఏంది! చైర్మన్‌గారు కోదాడ దాటారంట. ఇప్పుడాయన మొహం పీకి పక్కన పెట్టమంటావా?"

"పీకొద్దండి. కిందివేపు వదులు చేస్తా. గాలి పోద్ది."

"మొహం ఊగిద్ది కదయ్యా!"

"ఊగనీండి. నవ్వుతానే ఉన్నారుగా."

బసవయ్యకి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో తేల్చుకునేలోపు రత్నబాబు ముడి విప్పేశాడు. ఫ్యాను గాలికి ఫ్లెక్సీ ఉబ్బింది. చైర్మన్‌గారి ఎడమ బుగ్గ పంటినొప్పి వచ్చినట్టు పొంగి మళ్ళీ దిగింది.

మోత కుదుటపడిందో లేదో చూద్దామని లోపలికి వెళ్ళాడు రత్నబాబు. సెల్లుల వరసకి ఎదురుగా బల్ల వేసి ఉంది. మీద జరీ గుడ్డ, పళ్ళెంలో కర్పూరం, అగరొత్తుల కట్ట, కుందులు, పక్కన పెద్ద గుమ్మడికాయ. గ్రేసీ సోడానీళ్ళ బకెట్ పట్టుకుని ఆ బల్లనే చూస్తూ నిలబడింది.

"ఈ బల్ల ఎవరు వేశారమ్మా?"

"బసవయ్యగారి మనుషులు, సారు. కొబ్బరికాయ ఇక్కడ, హారతి అక్కడ, గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఈ వరసలన్నిటికీ తిప్పుతారంట."

రత్నబాబుకి ముందుగా కలిగింది భయం కాదు. ఇంతకుముందు ఎన్నో సైట్లలో చేసిన ఇదే వాదన మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి కదా అన్న అలసట. వెనకే వచ్చిన బసవయ్య వైపు తిరిగాడు.

"బసవయ్యగారూ, పూజ చేసుకోండి. కొబ్బరికాయ లోపలే కొట్టండి, పసుపూ కుంకుమా ఛార్జరు మీద పెట్టండి, దండ వెయ్యండి. వెలిగించేది మాత్రం గుమ్మం బయట పెట్టుకోండి. ఈ గదిలో ఇప్పుడు అగ్గిపుల్ల గియ్యకూడదు."

బసవయ్య నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇప్పటిదాకా ఫ్లెక్సీ అన్నావు, ఇప్పుడు హారతి అంటున్నావు. హారతి లేని పూజేంటయ్యా? మీకైతే పాటలు పాడుకుని ఆమెన్ అంటే సరిపోద్ది. మాకట్టా కాదు."

గదిలో అందరూ పని ఆపారు. గ్రేసీ తల దించుకుంది. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పట్టుకుని సెల్లుల మధ్య కూర్చున్న ఇశ్రాయేలు లేచి వచ్చాడు.

"అయ్యగారూ, పొరపాటు పడుతున్నారు. ఈయనకి మీదీ మాదీ లేదండి. మొన్న క్రిస్మస్‌కి మా చర్చిలో ఇన్వర్టరు గదిలో కొవ్వొత్తులు ముట్టించారని గోల గోల చేసి అన్నీ ఆర్పించాడు. పాస్టరుగారు ఆర్నెల్లు ఈయనతో మాట్లాడలా!"

బసవయ్య పగలబడి నవ్వాడు. "అయితే ఏ దేవుడికీ పనికిరాడన్నమాట!"

ఆ నవ్వులో కాసేపు ఉక్క తగ్గినట్టే ఉంది. కానీ నవ్వుతూనే బసవయ్య తన మనిషిని పిలిచి కుందుల్లో నూనె పొయ్యమన్నాడు. నవ్వుకి నవ్వే, పంతానికి పంతమే.

రత్నబాబు హరిచరణ్ దగ్గరికి వెళ్ళాడు. అతను షామియానా కింద కుర్చీలు సర్దిస్తున్నాడు. సంగతి విని రత్నబాబుని పక్కకి తీసుకెళ్ళాడు.

"మీరు చెప్పేది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్ రత్నబాబుగారూ. నాకు తెలీదా? కానీ మేడమ్‌గారికి పూజలు చాలా పట్టింపు. లాస్ట్ మినిట్లో నేనెళ్ళి హారతి వద్దంటే ఏం బాగుంటుంది? ఒక్క నిమిషం పని. కొంచెం అడ్జస్ట్ అవ్వండి."

"మీరే చెప్పండి సార్. మీ నోటెంట వస్తే అది సేఫ్టీ అవుద్ది. నా నోటెంట వస్తే మతం అవుద్ది."

హరిచరణ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. తప్పు తెలియని మనిషి కాదు. ఫోను తీసి చూసుకున్నాడు, అందులో ఏమీ లేదు. "మీ గురించి ఫీడ్‌బ్యాక్ రాయాల్సింది కూడా నేనే కదండీ. మీ విజయవాడ పోస్టు సంగతి కిషోర్‌బాబుగారు చెప్పారు. ఎందుకు పాడుచేసుకుంటారు?" అన్నాడు. బెదిరింపుగా కూడా అనలేదు. నిజంగానే జాలిపడి అన్నాడు.

రత్నబాబు నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆగి మొహం కడుక్కున్నాడు. ఒక్క నిమిషం పని. ఏమీ కాకపోవచ్చు. ఫ్లెక్సీ వదులు చేశాడు, ఫ్యాను ఊపిరి తీసుకుంటోంది, తలుపులు తెరిచి ఉంటాయి. ఎన్నో చోట్ల ఇట్లాగే వెలిగించి ఉంటారు, ఏమీ అయ్యుండదు. ప్రేమానందం కొట్లోనూ ఆ రోజు దాకా ఏమీ కాలేదు. నోరు మూసుకుంటే టిఫిను క్యారియరూ, సాయంత్రం బస్సూ, ఇంటి భోజనమూ. పేలితే, ముందుగా హారతి పళ్ళెం పట్టుకున్న పంతులుగారు పోతారు. తర్వాత సెల్లుల సందులో కూర్చున్న ఇశ్రాయేలు. గోడవారగా బకెట్‌తో గ్రేసీ. యాసిడ్ గదంతా చిమ్ముతుంది. చైర్మన్ కుటుంబానికి ముందు తలుపు దగ్గరుంటుంది. పనివాళ్ళు నిలబడే వెనక వైపు తలుపే లేదు. గది గీసినవాళ్ళు ఆ సంగతి ఆలోచించి ఉండరు.

తిరిగి గదిలోకి వెళ్ళాడు.

"ఇశ్రాయేలుగారూ, రీడింగులు చాలు. లేవండి. గ్రేసీ, బకెట్ వదిలెయ్యి. మనవాళ్ళందరూ బయటికి పదండి."

"ఛార్జింగో?" అన్నాడు ఇశ్రాయేలు.

"దాని పని అది చేసుకుంటది. మనుషులు బయట ఉంటే చాలు."

అందరూ వెళ్ళి గేటువైపు రేకుల షెడ్డు నీడలో నిలబడ్డారు. గేటు దగ్గర కోదాడ వైపు నుంచి వచ్చి పనిచేసే సెక్యూరిటీ అతను, "ఏంది సార్, అందరు బయటికొచ్చిన్రు, స్ట్రైకా?" అని గుసగుసగా అడిగాడు. "కాదు బాబూ, నీడకొచ్చాం" అన్నాడు రత్నబాబు. తను మాత్రం మళ్ళీ వెళ్ళి బ్యాటరీ గది గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఏం చేద్దామని నిలబడ్డాడో అతనికీ తెలియదు. అగ్గిపెట్టె లాక్కుంటాడా? కాళ్ళకి అడ్డం పడతాడా? ఏమీ తోచలేదు. అక్కడ నిలబడాలని మాత్రం తోచింది.

కార్లు వచ్చాయి. పూలదండలు, మేళం, ఫోటోలు. చైర్మన్‌గారు ఉబ్బుతూ దిగుతూ ఉన్న తన మొహాన్ని ఒకసారి తేరిపార చూసి ముందుకు నడిచారు. ఆయన భార్య పుష్పవతిగారు మాత్రం ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ వస్తున్నారు. పనివాళ్ళకి పూజలో నిలబెట్టి చీరా పంచే పెట్టడం ఆవిడ ఆనవాయితీ. బట్టల సంచులు మోసే మనిషిని వెంట తెచ్చుకున్నారు కూడా. గదిలో చూస్తే పనివాళ్ళు లేరు. షెడ్డు కింద గుంపుగా కనిపించారు. ఆవిడే అటు నడిచారు.

"ఏమ్మా, ఇక్కడ నిలబడ్డారేం? పూజ అక్కడైతే?"

ఇశ్రాయేలు నోరు కూడా మొదటిసారి మూతపడింది. గ్రేసీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"లోపల దీపం ముట్టిస్తే పేలిద్దంటమ్మా. మా సారు చెప్పాడు. అందుకని మమ్మల్ని బయటికి పంపాడు."

"పేలడమేంటి?"

"అయ్యి ఉడుకుతున్నయ్యమ్మా ఇప్పుడు. గాలి కనపడదు గానీ గదంతా ఉంటదంట. మీరు కూడా లోపలికి పోమాకండి. పిల్లలు గల తల్లివి."

ఆ చివరి మాట గ్రేసీ ఎందుకన్నదో! తన పిల్లలు గుర్తొచ్చే అని ఉంటుంది. పుష్పవతిగారి మొహం మారిపోయింది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని గబగబా వెనక్కి వచ్చి మొగుడి చెయ్యి పట్టుకున్నారు. ఆయన హరిచరణ్ వైపు చూశారు.

"నిజమేనా?"

హరిచరణ్ గొంతు సవరించుకున్నాడు. "కొంచెం రిస్కు ఉంటుంది సార్. సేఫ్టీ పరంగా వెలిగించేది బయటే మంచిదని నేను కూడా అనుకుంటున్నా."

నేను కూడా అట! గుమ్మం పక్కన రత్నబాబు ఆ మాట విని నేలకేసి చూశాడు.

ఇంతసేపూ ఎవరూ ఏమీ అడగని మనిషి ఒకాయన ఉన్నాడు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన పురోహితుడు. ఆయన పళ్ళెం ఎత్తుకుని చకచకా బయటికి వచ్చేశాడు. "గుమ్మం లక్ష్మీస్థానం కదమ్మా. ఇక్కడే దివ్యంగా ఉంటుంది. ముందే చెప్తే ఇక్కడే పీట వేయించేవాణ్ణి" అన్నాడు. అంతే. హారతి గుమ్మం బయట వెలిగింది. గంట మోగింది. కొబ్బరికాయ లోపల కొట్టారు. గుమ్మడికాయ వాకిట్లో పగిలింది. పనివాళ్ళు వరసగా నిలబడి బట్టలు తీసుకున్నారు. ఏమీ జరగలేదు. ఎంత చప్పగా ముగిసిందంటే, బసవయ్య చుట్టూ చూసి "దీనికా ఇంత రాద్ధాంతం చేసాడు!" అన్నాడు. అతని మాట తప్పని నిరూపించే దారి ఎవరి దగ్గరా లేదు.

*

ఛార్జింగ్ పూర్తయ్యేదాకా రత్నబాబు కదల్లేదు. ఒక్కో సెల్లుకీ మూత బిగించి, వైర్లు బిగించిన నట్లకి వాజలీన్ రాయించి, తాళం హరిచరణ్ చేతికిచ్చాడు. హరిచరణ్ చెయ్యి గట్టిగా పట్టుకుని "థాంక్సండీ" అన్నాడు. అన్నది మనస్ఫూర్తిగానే. ఫీడ్‌బ్యాక్ మాత్రం పైవాళ్ళు రాయించినట్టే రాశాడు.

కిషోర్‌బాబు ఫోను చేశాడు.

"ఏం చేసావయ్యా అక్కడ? పనికి వంక పెట్టలేదు వాళ్ళు. మీ మనిషికి లోకల్ సెంటిమెంట్ల మీద గౌరవం లేదు, చైర్మన్‌గారి ఫ్లెక్సీ విప్పాడు, వర్కర్లని బయట నిలబెట్టి సీను చేసాడు అన్నారు."

"లోకల్‌వాణ్ణి నేనేగా సార్. నేను పుట్టింది అక్కడికి పిలిస్తే పలికే దూరంలో. వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చారు."

"జోకులెయ్యకు. ప్రమాదం జరిగేదని ప్రూఫ్ ఏముంది?"

"జరగలేదుగా సార్. అదే."

"అది ప్రూఫ్ కాదు రత్నబాబూ." గొంతు తగ్గించాడు. "నువ్వు కరెక్టే చేసావని నాకు తెలుసు. కాని కస్టమర్లతో మాట్లాడే కుర్చీ అది. ఇప్పుడు నీకివ్వలేను. బళ్ళారి వైపు స్టీలు ఫ్యాక్టరీ సైటుంది, పెద్దది. కొన్నాళ్ళు చూడు."

తెలుసు. అందరికీ తెలుసు. హరిచరణ్‌కి తెలుసు, కిషోర్‌బాబుకి తెలుసు, బసవయ్యకి కూడా ఎక్కడో తెలుసు. మన ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు తెలియక జరుగుతాయని రాసే పేపర్లని నమ్మకండి. తెలిసినవాడు నోరు తెరవడానికి ఏ కులంలో పుట్టాలో, ఏ గుడికి వెళ్ళాలో, ఏ కుర్చీలో కూర్చోవాలో ముందు తేలాలి ఇక్కడ. అది తేలేలోపు అగ్గిపుల్ల గీసేస్తారు.

ఇంటి దగ్గర జయమణి బ్యాగు సర్దుతోంది. ఆమె ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ. మాట కచ్చితం.

"చెప్పకుండా ఊరుకుంటే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదేమో."

"అయ్యుంటే?"

రత్నబాబు గోడకి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. జయమణి అలమారలోంచి కొత్త టిఫిను క్యారియర్ తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, గోంగూర పచ్చడి సీసా అందులో ఇమిడేలా పెట్టి బ్యాగులో దోపింది.

"దీన్నెందుకు? లాడ్జీలో ఏం చేసుకుంటా?"

"కొన్నాక వాడకపోతే ఏం బాగుంటుంది?" అంది.

జెరూషా లోపలి గదిలోంచి "నాన్నా, ఈసారి ఎన్నాళ్ళు?" అని అడిగింది. "అయిపోగానే వచ్చేస్తా తల్లీ" అన్నాడు. ఆ జవాబు ఆ పిల్లకి కంఠతా వచ్చు.

నందిగామలో విజయవాడ బస్సెక్కాడు. అక్కణ్ణుంచి బళ్ళారికి రైలు. డ్రైవరు వెనక సీటే దొరికింది. కంచికచర్ల దాటుతుండగా గ్రేసీ ఫోను చేసింది.

"అన్నా, పోతన్నావంటగా? ఇశ్రాయేలు తాత చెప్పాడు."

"పోతున్నానమ్మా. పని ఉందా నీకు?"

"ఉందన్నా, సిమెంటు బస్తాల కాడ. అన్నా, ఆ ఫ్లెక్సీ పీకేసారు. అడిగి తెచ్చుకున్నా. మా వంటింటి కప్పు మీద కప్పితే చుక్క కారట్లా. మా చిన్నోడు పడుకుని పైకి చూసి ఈ తాత ఎవరే అంటన్నాడు."

రత్నబాబు నవ్వాడు. ఆ వారంలో నవ్వడం అదే మొదలు. "పొయ్యి దానికి దూరంగా పెట్టుకో తల్లీ. ఫ్లెక్సీకి నిప్పంటుకుంటే ఆగదు" అన్నాడు.

"నువ్వు మారవన్నా!" అని ఫోను పెట్టేసింది గ్రేసీ.

పరిటాల వచ్చింది. రోడ్డు పక్కన ఆకాశమంత ఆంజనేయస్వామి. డ్రైవరు అలవాటుగా రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి జోడించి దణ్ణం పెట్టుకున్నాడు. ఎదురుగా లారీ వస్తోంది. రత్నబాబు పళ్ళు బిగపట్టాడు. ఊరుకుందామనే అనుకున్నాడు. ఇక చాలనుకున్నాడు. నోరు ఊరుకోలేదు.

"డ్రైవరుగారూ, ఒక చెయ్యి స్టీరింగు మీదే ఉంచండి. స్వామి ఏమీ అనుకోడు."

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. చొక్కా, చేతి మీద పాత యాసిడ్ మచ్చలు, ఒళ్ళో బ్యాగు, అన్నీ తీరిగ్గా చూశాడు.

"ఏవుళ్ళండి మీరు?" అన్నాడు.

రత్నబాబుకి కులం అడిగే ఆ ప్రశ్న కొత్త కాదు. కిటికీ వైపు తల తిప్పుకుని, సీటుకి ఆనుకున్నాడు.

"బ్యాటరీలోళ్ళమండి" అన్నాడు.